‘ప్రివలెన్స్’ అంటే వ్యాప్తి కాదు చెల్లెమ్మా, ఉన్నోళ్ల లెక్క

ఈ వారం ఉత్తరం మర్రిగూడ వైపు నుంచి వచ్చింది. ఊరి పేరు, అందులో ఉన్న శాతం అంకె రెండూ తీసేశాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

“అన్నా, నమస్తే. డిగ్రీ అయిపోయి ఒక స్వచ్ఛంద సంస్థలో సర్వే పని చేస్తున్న. మా ఊళ్లో ఫ్లోరోసిస్ మీద తీసిన ఇంగ్లిష్ రిపోర్టును గ్రామసభలో చదవడానికి తెలుగులో రాయమన్నారు. అందులో ‘ప్రివలెన్స్ రేట్’ అని ఉంటే నేను ‘వ్యాధి వ్యాప్తి రేటు ఇంత శాతం’ అని రాసిన. ఎవరో ఆ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టిండ్రు. మా వాడకట్టులో ఒక పిల్లను చూసుకుపోయిన పెళ్లివాళ్లు ఫోన్ చేసి, మీ ఊళ్లె జబ్బు వ్యాపిస్తున్నదంట గదా, ఆలోచించుకుని చెప్తం అన్నరట. సర్పంచ్ గారేమో మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చినంక జబ్బు ఎట్ల పెరుగుతది, తప్పుడు లెక్క అని నా మీద కోపం. మా ఆఫీసు సార్ నువ్వు ఉన్నదే రాసినవ్, తప్పేం లేదంటడు. తప్పెవరిది అన్నా? ఇప్పుడేం చేయాలె?”

చెల్లెమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి, ఇది చక్కబడే విషయమే. తప్పు మాత్రం ఉంది. మీది సగం. మిగతా సగం మా పత్రికల వాళ్లది, ఎందుకంటే ‘ప్రివలెన్స్’ కనిపించగానే ‘వ్యాప్తి’ అని రాసెయ్యడం మేం అలవాటు చేసిందే, నేనూ నల్లగొండలో డెస్కు మీద కూర్చున్న రోజుల్లో వందసార్లు రాసి ఉంటాను. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి ‘ప్రివలెంట్’ అంటే ‘ప్రబలిన’ అని రాస్తారు, రెండూ చెవికి అక్కచెల్లెళ్లలా వినిపిస్తాయి కాబట్టి. అది లాటిన్ నుంచి వచ్చిన మాట, ఇది సంస్కృతం నుంచి వచ్చింది, వాటి మధ్య మేనరికం కూడా లేదు. అతిసార ప్రబలింది అంటే మొన్న లేని జబ్బు ఇవాళ ఊరంతా అంటుకుందని మనకు అర్థమవుతుంది, ప్రివలెన్స్‌లో ఆ అర్థం ఏ మూలా లేదు.

ఇంగ్లిష్‌లో జబ్బుల లెక్క చెప్పడానికి రెండు మాటలున్నాయి: ప్రివలెన్స్, ఇన్సిడెన్స్. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాస్తారు గానీ తెలుగులో తేడా రెండు క్రియల్లో అయిపోతుంది. జబ్బు ‘ఉంది’ అంటే ప్రివలెన్స్. జబ్బు ‘వచ్చింది’ అంటే ఇన్సిడెన్స్. ఫలానా రోజున ఊళ్లో వంద మందిని నిలబెడితే అందులో ఎంతమందికి జబ్బు ఉందో మొదటిది చెబుతుంది, అది నిన్న వచ్చిందా నలభై ఏళ్ల కింద వచ్చిందా అన్నది దానికి పట్టదు. ఈ ఏడాదిలో కొత్తగా ఎంతమందికి వచ్చిందో రెండోది చెబుతుంది. మీరు రాసిన ‘వ్యాప్తి’ ఈ రెండింటిలో ఏదీ కాదు. అది మూడో మాట, ఒకరి నుంచి ఒకరికి పాకడం. ఫ్లోరోసిస్‌కు అది అస్సలు కుదరదు, ఎందుకంటే అది ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల వచ్చేది, మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. పెళ్లివాళ్లు భయపడ్డది సరిగ్గా ఆ మాటకే, మీ అంకెకు కాదు.

ఇక ‘రేటు’. ఇంగ్లిష్‌వాళ్లలోనే దీని మీద ఒక చిన్న తగాదా ఉంది. రేట్ అంటే కాలం లెక్కలో ఉండాలి, ఏడాదికి ఇంత, నెలకు ఇంత అని, ప్రివలెన్స్‌లో కాలం లేదు కాబట్టి అది రేట్ కాదు, ఉన్నవాళ్లను మొత్తం మందితో భాగిస్తే వచ్చే ఒక వంతు మాత్రమే అని పాఠం చెప్పేవాళ్లు పట్టుబడతారు. రిపోర్టులు రాసేవాళ్లు వినరు, ‘ప్రివలెన్స్ రేట్’ అనే రాస్తారు, మన కుష్ఠు కార్యక్రమం కాగితాల్లో కూడా ఆ పేరే ఉంది. కాబట్టి ఇంగ్లిష్‌లో కనిపిస్తే కంగారు పడొద్దు, కానీ తెలుగులోకి ఆ రేటును మోసుకు రావద్దు. మన దగ్గర రేటంటే బత్తాయి టన్ను ఎంత పలికిందనేది, లేకపోతే ఎంత వేగంగా పెరుగుతోందనేది. రెండో అర్థమే మీ సర్పంచ్ గారికి తగిలింది.

ఆయన కోపం మాత్రం కొట్టిపారేసేది కాదు. నీళ్లు మారాక కూడా అంకె ఎందుకు పెద్దగా ఉంది అన్నది మంచి ప్రశ్న, దానికి జవాబు మీ ఊరి చెరువులోనే ఉంది. వానాకాలం వాగులో నుంచి చెరువులోకి వచ్చే నీళ్లు ఇన్సిడెన్స్ అనుకోండి. ఇవాళ పొద్దున కట్ట మీద నిలబడి చూస్తే కనిపించే మట్టం ప్రివలెన్స్. తూము తీస్తే కొంత పోతుంది, అది జబ్బు నయమైన వాళ్లు. మత్తడి దుంకితే కొంత పోతుంది, అది, చెప్పడానికి బాధగా ఉంది గానీ, చనిపోయిన వాళ్లు. వాగు ఎండినంత మాత్రాన ఆ సాయంత్రమే చెరువు ఎండదు గదా. జలుబు చెరువుకు తూము పెద్దది, ఇటు వచ్చింది అటు పోతుంది, కాబట్టి ఏడాదంతా ఎంతమందికి వచ్చినా ఏ ఒక్క రోజు చూసినా మట్టం తక్కువే. షుగర్‌కు తూము దాదాపు లేనట్టే, వచ్చినవాళ్లు ముప్పై ఏళ్లు అందులోనే ఉంటారు, మందులు బాగుండి ఎక్కువ కాలం బతికితే మట్టం ఇంకా పెరుగుతుంది. హెచ్ఐవీకి ప్రభుత్వం 2004లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టాక అదే జరిగింది, కొత్తగా వచ్చేవాళ్లు తగ్గినా ఉన్నవాళ్లు బతికి ఉన్నారు. అంటే ప్రివలెన్స్ తగ్గకపోవడం కొన్నిసార్లు మంచి వార్తే, దాన్ని చెడ్డ వార్తగా హెడ్డింగ్ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎముకల ఫ్లోరోసిస్ చెరువుకు తూమే లేదు. వంగిన నడుము మళ్లీ నిటారు కాదు. మా మేనమామది మునుగోడు దగ్గర ఊరు, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు, అంతకు ముందు బాయి నీళ్లు తాగినాయన. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేడు, మనిషి మొత్తం చిన్న చిన్న అడుగులేస్తూ మన వైపు తిరుగుతాడు, తిరిగేసరికి మనం అడగాల్సింది మరిచిపోతాం. ఒకసారి సర్వేకు వచ్చిన అమ్మాయి ఆయనతో మూడు పనులు చేయించింది: వంగి నేల మీది రూపాయి బిళ్ల తీయమంది, గడ్డం ఛాతీకి ఆనించమంది, రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోమంది. మూడూ కాలేదు. ఆ అమ్మాయి టిక్ పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ టిక్ ఇప్పటికీ మీలాంటి సర్వేల ప్రివలెన్స్‌లో ఉంటుంది, మామ ఇంట్లో కృష్ణా నీళ్ల నల్లా తిరుగుతున్నా సరే. 2015లో చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్ నిలబెట్టారు, ఆ నీళ్లు ఆయన నడుమును మళ్లీ నిటారు చేయలేవు, రాబోయే పిల్లల్ని మాత్రం కాపాడగలవు, అదే వాటి పని. కాబట్టి సర్పంచ్ గారికి చెప్పండి, ఈ అంకె భగీరథ మీద ఫిర్యాదు కాదు, అంతకు ముందు అర్ధ శతాబ్దం తాగిన నీళ్ల బాకీ అని. కాకపోతే నీళ్లు బాగున్నాయనడానికి సాక్ష్యం కూడా కాదు. ఆయన ఆ మాట కూడా అనొచ్చు, ఒప్పుకోకండి.

నీళ్ల సంగతి తేల్చాలంటే పిల్లల నోట్లో చూడాలి. ఇక్కడ మీ రిపోర్టు మీద నాకో అనుమానం ఉంది. ‘ఫ్లోరోసిస్ ప్రివలెన్స్’ అని ఒకే అంకె ఇచ్చారన్నారు, పళ్లదా ఎముకలదా? రెండూ ఒక జబ్బు పేరుతోనే నడుస్తాయి గానీ బతుకులో వాటికి పోలికే లేదు. పంటి మీద సున్నపు చారల్లాంటి మచ్చ ఉన్న పదేళ్ల పిల్లా, మెడ తిప్పలేని మా మామ లాంటి మనిషీ ఒకే శాతంలో పడిపోతే ఆ శాతం చూసి ఎవరైనా బెదురుతారు. పళ్లలో కూడా ఎన్నో మెట్లున్నాయి. అమెరికా దంతవైద్యుడు డీన్ 1930ల్లో కట్టిన కొలతనే ఇప్పటికీ వాడుతున్నారు, అనుమానంగా ఉన్నవి, చాలా స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని. ఏ మెట్టు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారో దాన్ని బట్టి అదే బడిలో అదే పిల్లల మీద శాతం ఎంతైనా మారుతుంది. మంచి ఇంగ్లిష్ పేపరైతే ఇది చెప్పి తీరుతుంది, చెప్పకుండా ఉత్త శాతం ఇచ్చిందంటే మీరు అడగాలి.

ఇంకో సంగతి, ఇది మీకు నేరుగా పనికొచ్చేది. పంటి మీద మచ్చ పన్ను బయటికొచ్చాక పడదు, చిగుళ్ల లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడుతుంది. పాలపళ్లు ఊడాక వచ్చే ముందు పళ్లకు అది పసితనంలోనే, పుట్టిన తర్వాతి నాలుగైదేళ్లలో జరిగిపోతుంది, ఆ పళ్లు ఆరేడేళ్లకు గానీ కనిపించవు. అంటే పన్నెండేళ్ల పిల్లాడి పంటి మచ్చ చెప్పేది ఇవాళ్టి నల్లా నీళ్ల గురించి కాదు, వాడు పాకుతున్నప్పుడు ఇంట్లో ఉన్న బిందె గురించి. మీ ఊరికి నీళ్లు ఏ ఏడు వచ్చాయో పంచాయతీలో కనుక్కోండి. దాని తర్వాత పుట్టి, ముందు పళ్లు వచ్చిన పిల్లల్ని వేరే వరుసలో రాయండి. సర్పంచ్ గారికీ మీకూ ఉన్న తగాదా ఆ ఒక్క వరుసలో తేలిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటని ఫ్లోరైడ్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు, మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమైతే 1.0 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు అంటుంది. ఇప్పటికీ ఇంట్లో వంటకు బోరు నీళ్లే వాడుతున్న వాళ్లుంటే, ఉంటారు, నల్లా నీళ్లకు రుచి లేదనో మరోటనో, ఆ ఇళ్లను కూడా గుర్తు పెట్టుకోండి.

ఎవరిని లెక్కపెట్టారన్నది కూడా చూడండి. ఇంగ్లిష్‌లో ‘అమాంగ్ దోజ్ స్క్రీన్డ్’, అంటే ‘పరీక్షించి చూసిన వాళ్లలో’, అని మూడు మాటలు వాక్యం చివర నక్కి ఉంటాయి, తెలుగులోకి వచ్చేసరికి అవి ఎగిరిపోయి ‘ఊరి జనాభాలో’ అయిపోతుంది. శిబిరం పెడితే ఎవరొస్తారు? నొప్పులున్నవాళ్లే వస్తారు. పాలమూరు వైపు నేను చూసిన ఊళ్లలో పగటిపూట సర్వేకు పోతే కాలు చేయి బాగున్నవాళ్లంతా వలసపోయి పుణె, ముంబైలలో ఉంటారు, అరుగుల మీద ముసలివాళ్లు మాత్రం దొరుకుతారు. ఆ అరుగును లెక్కపెట్టి ఊరు అని రాస్తే ఊరంతా మూలిగినట్టే ఉంటుంది. అందుకే రెండు ఊళ్లను పోల్చేటప్పుడు ఇంగ్లిష్‌లో ‘ఏజ్ అడ్జస్టెడ్’ అని రాస్తారు, రెండు ఊళ్లలోనూ ముసలీ ముతకా పిల్లా జెల్లా ఒకే పాళ్లలో ఉన్నట్టు సరిచేసి చూశాం అని దాని అర్థం. కరోనా కాలంలో ‘పాజిటివిటీ రేట్’ను పట్టుకుని జిల్లాలో నూటికి ఇంతమందికి జబ్బు అని రాసిన ఘనులున్నారు, అది పరీక్ష చేయించుకున్న వాళ్లలో పాజిటివ్ వచ్చినవాళ్ల వంతు. ‘ఎట్ రిస్క్’ అన్న మాటతో కూడా జాగ్రత్త. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగే వాళ్లంతా ఎట్ రిస్క్, వాళ్లంతా రోగులు కారు. లక్షల్లో కనిపించే అంకె చాలాసార్లు అదే.

అంకెల రాత గురించి రెండు ముక్కలు చెప్పి పోతాను. ఇంగ్లిష్ మిలియన్ మన పది లక్షలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పెద్ద సర్వే 2023లో అచ్చయినప్పుడు దేశంలో షుగర్ ప్రివలెన్స్ 11.4 శాతం, 101 మిలియన్ మంది అని వచ్చింది, అంటే 10.1 కోట్లు, ఒక సున్నా జారితే తొమ్మిది కోట్ల మంది మాయమవుతారు. క్షయకు మాత్రం మీరు చూసే అంకె సాధారణంగా ఇన్సిడెన్స్, శాతంలో ఉండదు, లక్షకు ఏడాదికి ఇంతమంది అని ఉంటుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశానికి 2015లో 237, 2023కి 195. ఆ 195నూ షుగర్ 11.4నూ పక్కపక్కన పెట్టి క్షయ ఎక్కువ అనుకున్న వాళ్లను చూశాను. ఇక శాతం పెరిగింది అనేటప్పుడు. మన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 60.7 శాతం, తర్వాతి సర్వేలో 70.0 శాతం. ‘9.3 పర్సెంటేజ్ పాయింట్లు’ పెరిగింది అన్నా నిజమే, పాత 60.7 మీద లెక్కగట్టి ‘15 శాతం’ పెరిగింది అన్నా నిజమే, ఎవరికి ఏది కావాలో అది ఎత్తుకుంటారు. మీరు రెండు అంకెలూ రాసెయ్యండి, అప్పుడంత, ఇప్పుడింత అని. గొడవ ఉండదు.

నా తప్పు ఒకటి చెబుతాను, మీకు కాస్త ఊరటగా ఉంటుంది. 2006 మొదట్లో, మన దేశం కుష్ఠును ‘ఎలిమినేట్’ చేసిందని ఇంగ్లిష్‌లో ఒక ప్రెస్ నోట్ వచ్చింది, 2005 డిసెంబరు లెక్క అది. నేను ‘కుష్ఠు అంతం’ అని హెడ్డింగ్ పెట్టాను, మా పేపరు పేరు ఎందుకులెండి. రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. పేపరు రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని ఉన్నాడు, ఎందుకంటే పట్టుకోవడానికి వేళ్లు సరిగా లేవు. బల్ల మీద పెట్టి, “సార్, అయిపోయిందని రాసిండ్రు. మరి నేనెవర్ని?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నీళ్లిచ్చాను, కూర్చోమన్నాను, కూర్చోలేదు.

తర్వాత తీరిగ్గా ఆ నోట్ మళ్లీ చదివాను. ‘ఎలిమినేట్ యాజ్ ఎ పబ్లిక్ హెల్త్ ప్రాబ్లమ్’ అని ఉంది. అంటే పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ మంది చికిత్స రిజిస్టర్లో ఉండడం, అంతే, ప్రపంచ ఆరోగ్య సభ 1991లో పెట్టుకున్న గురి అది. మశూచిలా పూర్తిగా తుడిచిపెట్టడానికి ఇంగ్లిష్‌లో వేరే మాట ఉంది, ఎరాడికేట్. ఇందులో ఇంకో కిటుకు కూడా ఉంది. కుష్ఠు ప్రివలెన్స్‌లో లెక్కకొచ్చేది మందు వాడుతున్న వాళ్లు మాత్రమే. ఎప్పటికో తెమలని చికిత్స కాస్తా కొత్త మందులతో కొందరికి ఆరు నెలలకు, మిగతా వాళ్లకు 24 నెలలకు, తర్వాత 12 నెలలకు వచ్చింది. కోర్సు అయిపోగానే పేరు రిజిస్టర్ నుంచి పోతుంది. చెరువులోకి వాగు ఎప్పటిలా వస్తున్నా తూము వెడల్పు చేస్తే మట్టం దిగుతుంది చూడండి, అలా. మందు పనిచేసింది, అది గొప్ప విషయమే, కానీ మట్టం దిగినంతగా వాగు తగ్గలేదు. ఆ పెద్దాయన ఎప్పుడో కోర్సు పూర్తి చేసినవాడు, ప్రివలెన్స్‌లో లేడు, వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. మీ ఊరి ఫ్లోరోసిస్‌లో పాత బాధితులు లెక్కలో ఉండిపోయారు, కుష్ఠులో పాత బాధితులు లెక్కలోంచి వెళ్లిపోయారు, రెండిటికీ ఇంగ్లిష్‌లో పేరు ప్రివలెన్సే. అందుకే ఆ మాటకు తెలుగులో ఒకే మాట వెతకడం నేను మానేశాను. ఏం లెక్కపెట్టారో అది వాక్యంగా రాస్తాను.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఆఫీసుకు మెయిల్ పెట్టండి, ఇంగ్లిష్‌లోనే పెట్టండి, లేకపోతే మీ సార్ పై వాళ్లకు పంపడు. ఈ ప్రివలెన్స్ డెంటలా స్కెలెటలా, ఏ మెట్టు నుంచి లెక్కపెట్టారు, చూసిన వాళ్లు ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఏ నెలలో చూశారు అని అడగండి. ‘హై ప్రివలెన్స్’ అని వాళ్లు రాసిన చోట దేనితో పోలిస్తే హై అని కూడా అడగండి, ఆ మాటకు మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. “ఉన్నదే రాసినవ్” అన్న సార్‌కు ఈ మెయిల్ కాపీ పెట్టండి, కోపంతో కాదు, ఆయనకూ తెలియాలి కదా.

పాత కాగితాన్ని వాట్సాప్‌లో ఖండించుకుంటూ కూర్చోవద్దు, అది ఇంకో నాలుగు గ్రూపులకు పోతుంది. కొత్త కాగితం రాయండి, ఫొటో మీరే తీసి పెట్టండి. ఇలా రాస్తే చాలు, ఖాళీలు మీరు నింపుకోండి: “ఫలానా నెలలో మన ఊరి బడిలో ఇంతమంది పిల్లల పళ్లు చూశాం. వారిలో ఇంతమందికి ఫ్లోరైడ్ మచ్చలున్నాయి. పెద్దవాళ్లలో ఇంతమందిని చూస్తే ఇంతమందికి కీళ్లు, నడుము పట్టేసి ఉన్నాయి. ఇవి చాలా ఏళ్ల కింద తాగిన బోరు, బాయి నీళ్ల వల్ల వచ్చినవి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల్లో ఇంతమందిని చూస్తే ఇంతమందికి మచ్చలున్నాయి.” వ్యాప్తి లేదు, రేటు లేదు, శాతం కూడా లేదు గమనించారా? చూసింది నలభై మందినైతే శాతం వేసి గొప్పకు పోనక్కర్లేదు, నలభై మందిలో ఇంతమంది అంటే పెద్దమ్మలకు కూడా అర్థమవుతుంది. కొత్త వరుసలో మచ్చలు కనబడితే దాచొద్దు, ఆ ఇళ్లు ఏ నీళ్లు వాడుతున్నాయో పక్కన రాయండి.

ఇక ఆ పిల్ల సంబంధం. ఇందులో మీరు నేరుగా పెళ్లివాళ్లకు ఫోన్ చేయకండి, ‘సర్వే అమ్మాయి’ ఫోన్ చేసిందంటే ఏదో ఉందనే అనుకుంటారు. మీ ఊరి ఏఎన్ఎం అమ్మనో ఆశా అక్కనో పిల్ల వాళ్లింటికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, అక్కడి నుంచి ఆమె చేత మాట్లాడించండి. ఇది అంటు కాదు, వంశంలో దిగేదీ కాదు, మంచి నీళ్లు తాగే ఇంట్లో పుట్టే పిల్లలకు రాదు, ఈ మూడు ముక్కలు చాలు. మధ్యవర్తి ఎవరో కనుక్కుని కొత్త కాగితం ఆయనకూ ఒకటి ఇవ్వండి. అప్పటికీ వాళ్లు సాగదీస్తే కారణం ఫ్లోరోసిస్ కాదేమో, కట్నం దగ్గర బేరం కావచ్చు, పిల్ల తండ్రికి ఆ మాట కూడా చెవిలో వెయ్యండి.